బృహద్ధమని ఆపరేషన్ అయిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక

ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలై, మరుసటి ఏడాదికల్లా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించిన తరువాత, మన ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల నుంచి పుట్టుకతో గుండె లోపాలున్న పిల్లలు ఎందరో హైదరాబాదు వెళ్లి ఆపరేషన్లు చేయించుకుని వచ్చారు. అంతకుముందైతే ఉన్న ఎకరం అమ్ముకుంటే తప్ప ఆ ఖర్చు భరించే దారి వాళ్ల తల్లిదండ్రులకు లేదు. ఆ పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు సింగరేణి, పోలీసు ఉద్యోగాల కోసం ప్రయత్నిస్తున్నారు. హన్మకొండలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్న నా దగ్గరికి వాళ్లు వచ్చేది గుండె గురించి కాదు, జ్వరానికో తలనొప్పికో ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కో వస్తారు. ఊపిరి శబ్దం వినడానికి చొక్కా పైకెత్తమంటే, వీపు మీద ఎడమ రెక్క ఎముక కింద నుంచి పక్కటెముకల వైపు వంపు తిరిగిన పాత కుట్ల మచ్చ కనిపిస్తుంది. అటువంటి మచ్చ రెండు మూడు రకాల ఆపరేషన్లలో మిగలవచ్చు. వాటిలో ఒకటైన, బృహద్ధమని సన్నబడి పుట్టినవారికి చేసే ఆపరేషన్ గురించి, అది అయిన తరువాత గడిచే నలభై, యాభై ఏళ్ల గురించి ఈ పోస్టు రాస్తున్నాను. ఎందుకంటే, ఆ మచ్చ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆఖరిసారి గుండె డాక్టరును చూసి ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తుండడం లేదు.

గుండె ఎడమ గది నుంచి బయలుదేరే బృహద్ధమని మొదట పైకి వెళ్లి, తలకూ రెండు చేతులకూ కొమ్మలు ఇచ్చి, వంపు తిరిగి వెన్నెముక వెంట కిందికి దిగి కడుపుకూ మూత్రపిండాలకూ కాళ్లకూ రక్తం చేరవేస్తుంది. ఎడమ చేతికి పోయే కొమ్మ దాటిన వెంటనే, ఆ వంపు చివర, కొందరు పిల్లల్లో ధమని నొక్కుకుపోయినట్టు సన్నగా ఉంటుంది. దీన్నే వైద్యులు కోఆర్క్టేషన్ అంటారు. పుట్టే ప్రతి పదివేల మందిలో దాదాపు నలుగురికి ఈ లోపం ఉంటుంది, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో కొంత ఎక్కువ. కాకతీయ కాలువలో ఒకచోట అడ్డం పడితే ఎగువన నీరు కట్టను ఒరుసుకుంటూ లేస్తుంది, దిగువ ఆయకట్టుకు చాలినంత అందదు, ఆ ఎగువ నీరు పక్కనున్న పిల్లకాలువల్లోకి దారి చేసుకుంటుంది. ఇక్కడా సరిగ్గా అదే జరుగుతుంది: తలలో, చేతుల్లో రక్తపోటు పెరుగుతుంది, కాళ్లలో తగ్గుతుంది, పక్కటెముకల కింది చిన్న రక్తనాళాలు ఏళ్ల మీద ఉబ్బి, అడ్డును తప్పించి రక్తాన్ని కిందికి చేరవేస్తాయి. అలా ఉబ్బిన నాళాలు పక్కటెముకల అడుగు అంచును ఒరుసుకుని గంట్లు పెడతాయి. పెద్ద పిల్లల ఛాతీ ఎక్స్‌రేలో ఆ గంట్లు కనిపించగానే అనుభవమున్న రేడియాలజిస్టు సంగతి పట్టేస్తాడు.

ఈ లోపం బయటపడే వేళలు రెండు. సన్నదనం మరీ ఎక్కువగా ఉన్న పసికందుకు తల్లి కడుపులో ఏ ఇబ్బందీ ఉండదు, ఎందుకంటే అప్పుడు డక్టస్ అనే అదనపు నాళం కింది భాగానికి రక్తం ఇస్తూ ఉంటుంది. పుట్టిన తరువాత కొద్ది రోజుల్లో ఆ నాళం మూసుకుపోతుంది. అంతవరకు బాగా పాలు తాగిన బిడ్డ ఒక్కసారిగా పాలు మానేస్తుంది, ఆయాసపడుతుంది, ఒళ్లు పాలిపోతుంది, మూత్రం తగ్గుతుంది, పాదాలు చల్లబడతాయి. చూసినవాళ్లకు అది రక్తంలో ఇన్‌ఫెక్షన్ లాగానే అనిపిస్తుంది. గజ్జల దగ్గర వేలు పెట్టి నాడి చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది, అక్కడ నాడి దొరకదు. ఆ సమయంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ1 అనే మందును సన్నని ధారగా ఎక్కిస్తే మూసుకుపోతున్న డక్టస్ మళ్లీ తెరుచుకుంటుంది, బిడ్డను ఆపరేషన్ దాకా తీసుకుపోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ మందు పసిపిల్లల ఊపిరిని ఆపగలదు కాబట్టి, ఇక్కడి నుంచి హైదరాబాదుకు దాదాపు నూటయాభై కిలోమీటర్లు అంబులెన్సులో పోయేటప్పుడు పక్కన శ్వాస గొట్టం వేయగలిగినవారు ఉండి తీరాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంటికి పంపే ముందు గజ్జల్లో నాడి చూడడం మన ప్రసూతి ఆసుపత్రులన్నింటిలో తప్పనిసరి అలవాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. పాదానికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూసే పరీక్ష మంచిదే గాని, ఈ ఒక్క లోపాన్ని అది చాలాసార్లు పట్టుకోలేదు. వేలికొసలతో చేసే పరీక్షకు ఖర్చేమీ లేదు, పట్టేది అర నిమిషం.

సన్నదనం కొంత తక్కువగా ఉన్నవాళ్లు పెరిగి పెద్దవుతారు, ఆడుకుంటారు, బడికి పోతారు. అప్పుడప్పుడు తలనొప్పి, ముక్కు నుంచి రక్తం, పరుగెత్తితే పిక్కల్లో నొప్పి తప్ప పెద్దగా చెప్పుకునే బాధ ఉండదు. ఇటువంటివారు దొరికేది బడిలో జరిగే పరీక్షల్లోనే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ పాఠశాలలకూ వచ్చి పిల్లలను చూసి, గుండె చప్పుడులో తేడా వినిపిస్తే పై ఆసుపత్రికి పంపుతాయి. ఆ బృందాల్లోని వైద్యులు ఎండలో ఊరూరా తిరిగి చేస్తున్న పని ఎంత విలువైనదో, వాళ్లు పంపగా ఇక్కడికి వచ్చిన పిల్లలను చూసినప్పుడల్లా అనుకుంటాను. యువకులెవరికైనా బీపీ ఎక్కువ కనిపిస్తే కాళ్లలోనూ ఒకసారి చూడాలని నాకు కాకతీయ మెడికల్ కాలేజీలో నేర్పారు. మామూలుగా కాళ్లలో బీపీ చేతులతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది. అది చేతుల కంటే 20 పాయింట్లు, అంతకు మించి తక్కువగా ఉంటే మధ్యలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే అనుమానించాలి.

ఏ చికిత్సా లేకుండా వదిలేస్తే ఏమవుతుందన్నది 1970లో మారిస్ క్యాంప్‌బెల్ అనే బ్రిటిష్ వైద్యుడు లెక్కగట్టి చూపించాడు. పసితనం దాటి బతికినవారు కూడా సగటున 34 ఏళ్లకే చనిపోతున్నారని ఆయన తేల్చాడు. నలుగురిలో ఒకరు గుండె నీరసించి, అయిదుగురిలో ఒకరు బృహద్ధమని చిట్లి, మిగిలినవారిలో ఎక్కువమంది గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకో మెదడులో రక్తస్రావమయ్యో పోయారు. చికిత్స గురించి నేను తరువాత రాసే జాగ్రత్తలు చదివి, ఇంత తతంగం ఉన్నప్పుడు అసలు ఆపరేషన్ ఎందుకని ఎవరైనా అనుకుంటే, ఈ 34 అనే అంకెను ఒకసారి తలచుకోవాలని నా మనవి.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫూర్డ్ 1944 అక్టోబరులో 12 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఈ ఆపరేషన్ చేశాడు. సన్నబడిన ముక్కను కోసి తీసేసి, రెండు కొసలను తిరిగి కలిపి కుట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలోని బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అదే పని చేశాడు. గుండెను ఆపి పక్కన యంత్రంతో రక్తం నడిపించే పద్ధతి అప్పటికింకా రాలేదు. కొట్టుకుంటున్న గుండెకు కాస్త దూరంలో, శరీరంలోకెల్లా పెద్ద ధమనిని పైనా కిందా బిగించి, కాళ్లకూ వెన్నుపాముకూ రక్తం ఆపి, ఆ కొద్ది నిమిషాల్లో కుట్టు పూర్తి చేయాలి. అక్కడే ఈ ఆపరేషన్‌కు ఉన్న అతి దారుణమైన ప్రమాదం దాగి ఉంది: వెన్నుపాముకు రక్తం చాలకపోతే కాళ్లు పడిపోతాయి. 1972లో పన్నెండు వేలకు పైగా ఆపరేషన్ల వివరాలు సేకరించి చూసినప్పుడు అది వెయ్యి మందిలో నలుగురికి జరిగిందని తేలింది. పక్కనాళాలు బాగా ఉబ్బి ఉన్నవారికి ఆ ప్రమాదం తక్కువ, ఎందుకంటే ధమనిని బిగించినా కిందికి రక్తం వేరే దారిలో చేరుతూనే ఉంటుంది.

తరువాత వచ్చిన పద్ధతులు ఒక్కొక్కటి ఒక్కో గుర్తు మిగిల్చి పోయాయి. ఈ సంగతి రోగికీ, వాళ్లను చూసే నాలాంటి డాక్టర్లకూ చాలా ముఖ్యం కాబట్టి కొంచెం ఓపికగా చెబుతాను. కొసలు కలిపి కుట్టిన చోట పిల్లవాడు పెరిగినా కుట్టు పెరగక మళ్లీ సన్నబడుతుందన్న భయంతో, 1966లో వాల్డ్‌హౌసెన్, నార్‌వోల్డ్ అనే సర్జన్లు ఎడమ చేతికి పోయే ధమనినే కత్తిరించి, పొడవునా చీల్చి, మడిచి, సన్నబడిన చోట అతుకుగా వేయడం మొదలుపెట్టారు. బిడ్డ సొంత కణజాలం గనుక అతుకు పెరుగుతుంది. ఆ పద్ధతిలో ఎడమ చేతికి నేరుగా పోయే రక్తం ఆగిపోతుంది. చుట్టుపక్కల నాళాలు ఆ చేతిని బతికిస్తాయి గాని, అక్కడ నాడి బలహీనంగా ఉంటుంది, బీపీ ఎప్పుడు చూసినా తక్కువే చూపిస్తుంది. మరికొందరికి డాక్రాన్ అనే కృత్రిమ గుడ్డతో అతుకు వేశారు. అప్పటికి ఆ పద్ధతి తేలికగా, మంచిగా కనిపించింది. పది, పదిహేనేళ్లు గడిచాక, కదలని ఆ గుడ్డకు ఎదురుగా ఉన్న ధమని గోడ ఒత్తిడికి ఉబ్బి ఎన్యూరిజంగా మారడం బయటపడింది. అది నొప్పి లేకుండా పెరుగుతుంది, పెరిగి పెరిగి ఏదో ఒకనాడు చిట్లవచ్చు. అందుకే ఇప్పుడు పసిపిల్లల్లో ఎక్కువగా చేసేది, 1970లలో రూపుదిద్దుకున్న పద్ధతి: సన్నటి ముక్కను పూర్తిగా తీసేసి, కింది కొసను వంపు అడుగు భాగం దాకా జరిపి, వెడల్పుగా కలిపి కుట్టడం. 1980లలో బెలూన్‌తో వెడల్పు చేయడం, 1990లలో స్టెంటు, అంటే ధమనిని లోపలి నుంచి తెరిచి ఉంచే లోహపు జాలి గొట్టం, వేయడం వచ్చాయి. సుమారు 20–25 కిలోల బరువు దాటిన పిల్లల్లోనూ పెద్దల్లోనూ, ధమని ఆకారం అనుకూలంగా ఉంటే, నేడు స్టెంటే మొదటి మాటగా చెబుతున్నారు. ఛాతీ కోయకుండా గజ్జల దగ్గర నుంచే దాన్ని పంపుతారు.

నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడి సంగతి చెబితే ఇదంతా ఎందుకు చెప్పానో అర్థమవుతుంది. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. అతను ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో పొద్దు పొడవకముందే మొదలుపెట్టి బస్తాలు మోసే పని. వారం నుంచి తల పగిలిపోతోందని తల్లి వెంటబెట్టుకుని వచ్చింది. ఊళ్లో ఎప్పుడు చూపించినా బీపీ మామూలుగానే ఉందన్నారట. వీపు మీద మచ్చ చూసి అడిగితే తల్లే జవాబిచ్చింది: "చిన్నప్పుడే గుండె ఆపరేషనైంది మేడం, మంచిగైందని చెప్పిండ్రు. పోరడు మంచిగ పని చేసుకుంటుండు, ఇగ మల్ల దవాఖానకు ఎందుకు పోవాలె అనుకున్నం." ఎడమ మణికట్టు దగ్గర నాడి వేలికి సరిగా అందలేదు, కుడివైపు గట్టిగా కొట్టుకుంటోంది. ఎడమ చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 118. కుడి చేతికి చూస్తే 174. తొడకు వెడల్పు కఫ్ కట్టి, మోకాలి వెనక స్టెతస్కోపు పెట్టి చూస్తే 140. మూడు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసి చూపిస్తే ఆ తల్లి వాటి వంక చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ ఎడమ చేతికి చూసిన బీపీలు అతనికి ఉపయోగపడలేదు, ఎందుకంటే ఆ చేతి ధమనిని చిన్నప్పుడే బృహద్ధమనికి అతుకుగా వాడేశారు. రక్తనాళాలను చూపే స్కాన్, సిటీ యాంజియో తీయిస్తే పాత కుట్టు దగ్గర ధమని మళ్లీ సన్నబడి ఉంది. హైదరాబాదులో స్టెంటు వేశారు. ఇప్పుడు కుడి చేతి బీపీ బాగా తగ్గింది, అయినా ఒక బిళ్ల వేసుకుంటూనే ఉన్నాడు. బస్తాల పని మానేసి తూకం దగ్గర పనికి మారాడు.

అడ్డు తొలగించిన తరువాత కూడా బీపీ ఎందుకు ఉంటుందని అతను అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్న ఇది, నిజంగా ఆలోచించదగ్గది. సన్నదనం ఒకచోట కనిపించినా జబ్బు అక్కడికే పరిమితం కాదు. గుండె నుంచి వంపు దాకా ఉన్న బృహద్ధమని గోడ పుట్టుకతోనే కొంత బిరుసుగా ఉంటుంది, గుండె కొట్టిన ప్రతిసారీ సాగి సర్దుకోవాల్సినంత సాగదు. రక్తపోటును కనిపెట్టి మెదడుకు కబురు చేసే సున్నితమైన నరాల కొసలు పసితనం నుంచీ ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడి, ఆ ఎక్కువనే మామూలు అనుకుంటాయి. ఆపరేషన్ తరువాత వంపు గుండ్రంగా కాకుండా కోసుగా మిగిలినవారిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అందుకే ఎంత చక్కగా ఆపరేషన్ జరిగినా, దాదాపు ముగ్గురిలో ఒకరికి పెద్దయ్యాక బీపీ వస్తుందని వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసినవారు చెప్పారు. కొన్ని అధ్యయనాల్లో ఆ సంఖ్య సగం దాటింది. కూర్చోబెట్టి చూసినప్పుడు బాగానే ఉండి, మెట్లెక్కినా పరుగెత్తినా విపరీతంగా పెరిగేవారూ ఉంటారు. అలాంటి అనుమానం ఉన్నప్పుడు 24 గంటలూ చేతికి కట్టి ఉంచే బీపీ యంత్రం, ట్రెడ్‌మిల్ పరీక్ష ఉపయోగపడతాయి. చిన్న వయసులో ఆపరేషన్ అయితే తరువాత బీపీ వచ్చే అవకాశం తగ్గుతుంది గాని, పూర్తిగా పోదు.

దీర్ఘకాలం బతుకు ఎలా ఉంటుందన్నదానికి అమెరికాలోని మేయో క్లినిక్ 1989లో ప్రచురించిన లెక్క నేటికీ అందరూ చెప్పుకునేదే. 1946 నుంచి 1981 వరకు అక్కడ ఆపరేషన్ అయిన 646 మందిని ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే, పదేళ్లకు నూటికి 91 మంది, ఇరవై ఏళ్లకు 84 మంది, ముప్పై ఏళ్లకు 72 మంది బతికి ఉన్నారు. 14 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారిలో ఇరవై ఏళ్లకు నూటికి 91 మంది ఉంటే, ఆ తరువాత చేయించుకున్నవారిలో 79 మందే ఉన్నారు. ఆలస్యంగా పోయినవారి సగటు వయసు 38. నన్ను ఆలోచింపజేసేది అందులోని ఇంకో విషయం: వాళ్లలో మిగతా ఏ కారణం కంటే ఎక్కువమందిని తీసుకుపోయింది పాత కుట్టు కాదు, గుండె రక్తనాళాల్లో కొవ్వు చేరి వచ్చే గుండెపోటు. అంటే సర్జను తన పని తాను చేశాడు, ఆ తరువాత ముప్పై ఏళ్లు అదుపు లేని బీపీ తన పని తాను చేసుకుపోయింది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ మానడం వంటి మాటలు మన దగ్గర యాభై దాటినవారికే చెబుతారు. ఈ మచ్చ ఉన్నవాళ్లకు ఇరవయ్యో ఏటనే చెప్పాలి. ఆ లెక్కల్లోనివారు పాత కాలంవారు, చాలామందికి ఆలస్యంగా ఆపరేషన్ అయినవారు. నేడు నెలల వయసులో ఆపరేషన్ అవుతున్న పిల్లల భవిష్యత్తు అంతకంటే బాగుంటుందని నమ్మడానికి తగిన ఆధారం ఉంది.

బీపీ ఒక్కటే కాదు, కనిపెట్టి ఉండవలసినవి మరికొన్ని ఉన్నాయి. నెలలోపు ఆపరేషన్ అయిన పిల్లల్లో కుట్టు దగ్గర మళ్లీ సన్నబడడం కొంత ఎక్కువగా చూస్తాం, చాలావరకు బెలూన్‌తోనే దాన్ని సరిచేయవచ్చు. ఈ లోపం ఉన్నవారిలో సగం మందికి, కొన్ని లెక్కల ప్రకారం అంతకంటే ఎక్కువ మందికి, బృహద్ధమని మొదట్లో ఉండే కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉంటాయి. చిన్నప్పుడు అది బాగానే పనిచేసినా, నలభై, యాభై ఏళ్లకు గట్టిపడి సన్నబడవచ్చు, లేదా రక్తం వెనక్కి కారవచ్చు. ఆ కవాటం పైన ఉన్న ధమని వెడల్పు అవుతూ పోవచ్చు కూడా. మామూలుగా 5.5 సెంటీమీటర్లకు చేరాక ఆ భాగం మార్చే ఆపరేషన్ ఆలోచిస్తారు, కోఆర్క్టేషన్ కూడా ఉన్నవారికి 5 సెంటీమీటర్లకే ఆలోచించాలని గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు రేకుల కవాటం కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి, తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి ఎకో (గుండె స్కానింగ్) తీయించడం మంచిది. మెదడు రక్తనాళాల్లో చిన్న బుడగల్లాంటి ఎన్యూరిజంలు మామూలు జనంలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటే, ఈ లోపమున్న పెద్దల్లో పదిమందిలో ఒకరికి కనిపించాయి. ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వస్తే, తలనొప్పి బిళ్ల వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలని అందుకే చెబుతాను.

ఆడపిల్లల విషయం వేరుగా, కొంచెం వివరంగా రాయక తప్పదు. ఆపరేషన్ అయిన సంగతి పెళ్లి సంబంధాల వేళ దాచిపెట్టడం మన దగ్గర చాలా ఇళ్లలో చూస్తున్నాను. మచ్చ కనపడకుండా జాకెట్టు మెడ ఎంతవరకు కుట్టించాలో కూడా తల్లులు నన్ను అడుగుతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కూతురు బతుకు బాగుండాలన్న ఆరాటమే తప్ప అందులో మోసం లేదు. అయినా దాచినందువల్ల నష్టపోయేది ఆ అమ్మాయే. అత్తగారింట్లో బిళ్ల వేసుకోవడానికి భయపడి మానేస్తుంది, గర్భం వచ్చాక డాక్టరుకు చెప్పదు. గర్భంలో ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, బృహద్ధమని గోడ మెత్తబడుతుంది. చక్కగా ఆపరేషన్ అయి, మళ్లీ సన్నబడకుండా, ఉబ్బు లేకుండా, బీపీ అదుపులో ఉన్న అమ్మాయిలు చాలామంది క్షేమంగా కాన్పవుతారు. ఈ మాట పెళ్లికొడుకు ఇంటివారికి ధైర్యంగా చెప్పడానికి నేను ఎప్పుడూ సిద్ధమే, కొందరి ఇళ్ల పెద్దలను కూర్చోబెట్టి చెప్పాను కూడా. గర్భానికి ముందే ఒకసారి సిటీ లేదా ఎంఆర్‌ఐ తీయించి ధమని ఎలా ఉందో చూడాలి. ఈ జబ్బులో బీపీకి తరచూ ఇచ్చే రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి, గర్భం అనుకున్నప్పుడే డాక్టరును కలిసి వాటిని మార్పించుకోవాలి. తమంతట తాము ఆపేయడం అంతకంటే ప్రమాదం. పొట్టిగా ఉండి, ఈడు వచ్చినా రజస్వల కాని అమ్మాయికి ఈ లోపం ఉంటే టర్నర్ సిండ్రోమ్ అనే, ఒక ఎక్స్ క్రోమోజోము లోపించే పుట్టుక లోపం ఉందేమో చూడాలి, వాళ్లకు బృహద్ధమని విషయంలో జాగ్రత్తలు ఇంకా ఎక్కువ.

మన జిల్లాల్లో పెద్ద లోటు ఎక్కడుందంటే, పిల్లల గుండె డాక్టరు చూడడం ఆపేసిన తరువాత పెద్దల గుండె డాక్టరు చూడడం మొదలయ్యే మధ్యకాలంలో. పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లల విభాగం నుంచి పేరు పోతుంది, పెద్దల విభాగంలో ఎవరూ పేరు రాసుకోరు. ఆ వయసులోనే చదువులకని, ఉద్యోగాలకని కుర్రాళ్లు ఊళ్లు మారతారు. ఇందుకు ఎవరినీ తప్పుపట్టలేను, వ్యవస్థలో ఆ గది కట్టనే లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచినప్పుడు సంతోషించాను, మళ్లీ స్టెంటో ఆపరేషనో అవసరమైన కుటుంబానికి అది కొండంత అండ. దానితోపాటు, చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ జిల్లా ఆసుపత్రిలో ఏడాదికొక రోజు పేరు పిలిచి చూసే ఏర్పాటు ఉంటే, ఆ మొదటి ఆపరేషన్‌కు ప్రభుత్వం పెట్టిన ఖర్చు నిజంగా సార్థకమవుతుంది. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికొక పూట ఇలాంటి క్లినిక్ నడిపితే చుట్టుపక్కల అయిదారు జిల్లాలవారికి అందుబాటులో ఉంటుంది. ఈ మాట అవకాశం దొరికిన ప్రతిచోటా చెబుతూనే ఉన్నాను.

ఆ ఏర్పాటు వచ్చేదాకా ఇంట్లో చేయగలిగినవి చేయాలి. ఆపరేషన్ అయిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఏ పద్ధతి చేశారన్నది ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. కొసలు కలిపి కుట్టారా, ఎడమ చేతి ధమని వాడారా, గుడ్డ అతుకు వేశారా అన్నది మాకు తెలిస్తే ఏం వెతకాలో, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఆ కాగితాలు బీరువా అడుగున, చెదలు తినకుండా మిగిలి ఉంటే ఈరోజే ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ముగ్గురి ఫోన్లకు పంపి ఉంచండి. పోయి ఉంటే, ఆసుపత్రి పేరు, ఏ సంవత్సరమన్నది గుర్తున్నంతవరకు రాసి పెట్టండి. బీపీ ఎక్కడ చూపించుకున్నా కుడి చేతికే చూడమని అడగండి, ఆర్‌ఎంపీ దగ్గరైనా, మెడికల్ షాపులోనైనా, పెద్దాసుపత్రిలోనైనా సరే. ఏడాదికొకసారి డాక్టరును కలిసి చేతికీ కాలికీ బీపీ చూపించుకుని, ఎకో తీయించాలి. మూడు నుంచి అయిదేళ్లకొకసారి బృహద్ధమని మొత్తం కనిపించేలా సిటీ గాని ఎంఆర్‌ఐ గాని తీయించాలి, ఎందుకంటే వెన్నెముక పక్కన దాగిన ఆ భాగాన్ని పెద్దల్లో ఎకో పూర్తిగా చూడలేదు.

ఆటల గురించి, వ్యాయామం గురించి కుర్రాళ్లు ఎంతో ఆశగా అడుగుతారు. బీపీ అదుపులో ఉండి, ధమని బాగుందని తేలితే నడక, పరుగు, సైకిలు, షటిల్, క్రికెట్ అన్నీ ఆడుకోవచ్చు, ఆడాలి కూడా. ఊపిరి బిగబట్టి చేసే పనులకే దూరంగా ఉండమంటాను: జిమ్‌లో గరిష్ఠ బరువులు ఎత్తడం, బస్తాలు మోయడం, బండి బురదలో దిగబడితే నెట్టడం వంటివి. ఆ బిగపట్టిన క్షణంలో బీపీ అమాంతం రెట్టింపు దాకా పోగలదు. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి, ఎందుకంటే పుచ్చిన పంటి నుంచి రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు రెండు రేకుల కవాటం మీద సులభంగా గూడు కట్టుకుంటాయి. కారణం తెలియని జ్వరం వారం దాటితే, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష చేయమని డాక్టరును అడగాలి. వెళ్లిన ప్రతిచోటా తనకు బృహద్ధమని ఆపరేషన్ అయిందన్న మాట మొదటే చెప్పాలి. ఉద్యోగానికి వైద్య పరీక్షలకు వెళ్లేవారు కూడా ఆ మాట దాచకుండా చెప్పి, తాజా సిటీ రిపోర్టు, కుడి చేతి బీపీ రికార్డు వెంట తీసుకువెళ్లాలి.